మొదటిసారి స్కీయింగా? ఆల్ప్స్‌లో మీకు సరిపడే రిసార్ట్ ఎంచుకోవడం ఎలా

నేను మ్యూనిక్ వచ్చిన రెండో చలికాలం. సోమవారం పొద్దున ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర ఎవరిని కదిపినా మంచు కబుర్లే. సరే, మనమూ వెళ్దామని నలుగురు తెలుగు కుర్రాళ్లం కూర్చున్నాం. ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ చూసినట్టు, ఏ రిసార్ట్‌లో ఎక్కువ కిలోమీటర్ల పిస్ట్ (స్కీల మీద జారడానికి చదును చేసిన మంచు బాట) ఉందో చూశాం. కిలోమీటరుకి ఎంత పడుతుందో లెక్కగట్టి మరీ బుక్ చేశాం.

అక్కడికెళ్లాక అర్థమైంది. నేర్చుకునే చోటు కొండ మధ్యలో ఉంది. అక్కడికి చేరాలంటే లిఫ్టులన్నిటికీ పనికొచ్చే మొత్తం పాస్ కొనాల్సిందే. అక్కడినుంచి కిందికొచ్చే ఒకే ఒక్క బ్లూ పిస్ట్, అంటే తేలిక రకం, ఎడ్లబండి బాటంత సన్నగా ఉండి, సాయంత్రానికి గడ్డకట్టి గాజుపలకలా తయారయ్యేది. వందల కిలోమీటర్లకి డబ్బు కట్టి, వారం మొత్తంలో మేం వాడుకున్నది మూడంటే మూడు. మాలో ఒకడు స్కీలు భుజాన వేసుకుని పిస్ట్ అంచున నడుచుకుంటూ దిగాడు. ఆ ఫొటో పెట్టి వాడిని ఇప్పటికీ ఏడిపిస్తుంటాం.

ఆ వారం నేర్పిన పాఠం మీదే ఈ గైడ్ మొత్తం నడుస్తుంది: కొత్తవాళ్లు రిసార్ట్‌లో ముందు వెతకాల్సింది అన్నిటికన్నా చిన్న లిఫ్ట్. మీ మొదటి మూడు రోజులూ దాని చుట్టూనే గడుస్తాయి.

1. మంచు చూడాలా, స్కీయింగ్ నేర్చుకోవాలా?

ఈ రెండూ వేరు. ఇండియా నుంచి పది రోజుల యూరప్ ట్రిప్‌కి వచ్చినవాళ్లు ఒక్కరోజు స్కీయింగ్ కూడా చేసేద్దాం అంటుంటారు. ఒక్కరోజులో సగం బూట్లు తొడుక్కోవడానికే పోతుంది. వాళ్లకి స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ లాంటి చోట కేబుల్ కారెక్కి మంచులో ఆడుకుని, స్లెడ్జ్ మీద జారి రావడమే హాయి. స్కీయింగ్ నేర్చుకోవాలంటే కనీసం మూడు రోజులు, కుదిరితే ఐదారు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు పడడమే. రెండో రోజు ఒళ్లు నొప్పులు. మూడో రోజు మధ్యాహ్నానికి ఏదో ఒక మలుపు మీరు అనుకున్న వైపుకే తిరుగుతుంది.

ఎవరెవరు వస్తున్నారో కూడా ఇప్పుడే రాసుకోండి. అమ్మానాన్నలు వీసా మీద వచ్చి ఉంటే వాళ్లు స్కీలు తొడగరు. వాళ్లకి మంచులో చదును చేసిన నడకదారులు, నడిచేవాళ్లని కూడా ఎక్కించుకునే గొండోలా (చిన్న గదుల్లాంటి పెట్టెలున్న కేబుల్ కారు), ఎండలో కూర్చోడానికి హోటల్ బాల్కనీ కావాలి. ఇవి లేని రిసార్ట్‌కి తీసుకెళ్తే పాపం వారమంతా అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గరే ఉండిపోతారు.

2. ఏ వారం వెళ్లాలి?

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ధరలు ఆకాశంలో ఉంటాయి. జనవరి 6 పండుగ సెలవు దాటగానే ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. ఆస్ట్రియా హోటళ్లవాళ్లు దీన్ని ‘యానువార్‌లోఖ్’, అంటే జనవరి గొయ్యి అంటారు. వాళ్లకది నష్టాల గొయ్యి, మనకి మాత్రం లాభమే. గది చవక, లిఫ్ట్ దగ్గర క్యూ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పిస్ట్ మీద జనం తక్కువ. చలి మాత్రం గట్టిగా ఉంటుంది, నాలుగున్నరకే చీకటి పడుతుంది.

ఫిబ్రవరి జోలికి వెళ్లకపోవడం మంచిది. ఫ్రాన్స్ స్కూళ్లకి మూడు జోన్లుగా సెలవులు, జర్మనీలో కార్నివాల్ సెలవులు, డచ్‌వాళ్లు, ఇంగ్లండ్‌వాళ్లు, అందరూ ఒకేసారి కొండమీదే ఉంటారు. స్కూలు పిల్లలున్నవాళ్లకి వేరే దారి లేదనుకోండి. అప్పుడు కనీసం శనివారం ప్రయాణం మానుకోండి. ఆల్ప్స్‌లో చాలా అపార్ట్‌మెంట్లు శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారు కాబట్టి ఆరోజు మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా సరిహద్దులోని కుఫ్‌స్టైన్ వైపు హైవే మీద కార్లు చీమల బారులా ఉంటాయి.

మార్చి రెండో వారం కొత్తవాళ్లకి బాగుంటుంది. పొద్దు పెరుగుతుంది, ఎండ వెచ్చగా ఉంటుంది, పడినా మంచు మెత్తగానే తగులుతుంది. ఒకటే షరతు, రిసార్ట్ కాస్త ఎత్తులో ఉండాలి.

3. ఎత్తు ఎంత? దేని ఎత్తు?

వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో కనిపించేది శిఖరం ఎత్తు. మనకి దానితో పనిలేదు. చూడాల్సింది నేర్చుకునే వాలు ఎంత ఎత్తులో ఉందన్నది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే పైన మంచు పడుతున్న రోజే కింద 750 మీటర్ల దగ్గరున్న ఊళ్లో వాన పడొచ్చు. ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్ ఊరు 762 మీటర్ల ఎత్తులో ఉంది. పేరు ప్రపంచమంతా తెలుసు, కానీ వెచ్చని చలికాలంలో ఊరి పక్కన పచ్చగడ్డి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. చేయి తిరిగినవాళ్లు పైకెళ్లి ఆడుకుంటారు. ఊరి అంచున నేర్చుకునే మనలాంటివాళ్లే ముందు ఇబ్బంది పడతారు.

అలాగని మరీ పైకి పోవడమూ నాకు నచ్చదు. ఫ్రాన్స్‌లోని వాల్ తొరాన్స్ 2,300 మీటర్ల మీద ఉంది, యూరప్‌లో అంతకన్నా ఎత్తయిన స్కీ రిసార్ట్ లేదు. మంచుకి ఢోకా ఉండదు. కానీ ఆ ఎత్తులో చెట్లుండవు. మబ్బు దిగిందంటే నేలా ఆకాశమూ ఒకే తెలుపైపోయి వాలు ఎటుందో తెలియదు. కదులుతున్నామో ఆగి ఉన్నామో కూడా తెలియక తల తిరిగినట్టవుతుంది. చెట్లున్న చోట ఆ ముదురు రంగు ఆసరాగా కళ్లు నిలబడతాయి. పైగా అంత ఎత్తులో మొదటి రాత్రి కొందరికి తలనొప్పి, నిద్ర పట్టదు. జనవరిలో అయితే 1,400 నుంచి 1,900 మీటర్ల మధ్య ఉన్న నేర్చుకునే వాలు చాలు. మార్చి, ఏప్రిల్‌లో ఆ లెక్కని ఇంకాస్త పైకి జరపండి.

4. పిస్ట్ మ్యాప్ చదవడం

ఒక సాయంత్రం పూర్తిగా దీనికే కేటాయించండి. పడ్డ కష్టం ఊరికే పోదు.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఆ మ్యాప్ కొలతల ప్రకారం గీసింది కాదని. అది బొమ్మ. ఆస్ట్రియా చిత్రకారుడు హైన్రిష్ బెరాన్ లాంటివాళ్లు చేత్తో వేసిన కొండల పనోరమాలతో ఈ సంప్రదాయం పేరుపడింది. అన్ని పిస్టులూ ఒకే చూపులో కనబడాలని కొండని కొంచెం తిప్పుతారు, లోయని కొంచెం సాగదీస్తారు. అందుకని మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నవి నిజంగా పక్కపక్కనే ఉన్నాయని నమ్మకండి.

తర్వాత రంగులు. ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ అన్నిటికన్నా తేలిక, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీల్లో మామూలుగా నీలంతోనే మొదలు. జర్మనీ, ఆస్ట్రియా ప్రమాణాల ప్రకారం చిన్న చిన్న ముక్కలు మినహాయిస్తే నీలం పిస్ట్ 25 శాతం వాలు దాటకూడదు, ఎరుపు 40 శాతం దాటకూడదు. 25 శాతం అంటే నాలుగు మీటర్లు ముందుకి వెళ్తే ఒక మీటరు దిగడం. కాగితం మీద ఏముందిలే అనిపిస్తుంది. మొదటిసారి స్కీల మీద నిలబడి పైనుంచి చూస్తే మేడ మీదనుంచి తొంగి చూసినట్టే ఉంటుంది. అమెరికా నుంచి వచ్చే మన చుట్టాలకి ఒక మాట: మీ దగ్గర నీలం చతురస్రం అంటే మధ్యస్థాయి. ఇక్కడి నీలం మీ ఆకుపచ్చ వృత్తానికి దగ్గర. రంగు ఒకటే కదా అని లెక్క కలపొద్దు.

ఇప్పుడు మ్యాప్ ముందు పెట్టుకుని ఈ నాలుగూ చూడండి.

నేర్చుకునే వాలు ఎక్కడ? జర్మన్ మాట్లాడే చోట దీన్ని ‘ఊబుంగ్స్‌వీజె’ అంటారు, అంటే సాధన చేసే పచ్చిక. అది ఊరి దగ్గరే ఉందా, గొండోలా ఎక్కి వెళ్లాలా? అక్కడ మ్యాజిక్ కార్పెట్ ఉందా? ఎయిర్‌పోర్టులో నడిచే బెల్ట్ లాంటిదే, స్కీలతో దానిమీద నిలబడితే పైకి తీసుకుపోతుంది. కార్పెట్ లేకుండా కేవలం ఇంగ్లిష్ ‘T’ ఆకారపు కడ్డీ లిఫ్ట్ ఉన్న చోట మొదటి రెండు రోజులూ నరకమే. చూడగానే అది కూర్చునే పీటలా అనిపిస్తుంది. కూర్చున్నారా, వెల్లకిలా పడ్డారే. అది వెనకనుంచి మనల్ని నెట్టడానికి మాత్రమే. ఆ పాఠం నేను మూడుసార్లు నేర్చుకున్నాను.

రెండో మెట్టు ఏమిటి? చాలామంది ఇదే చూడరు. కార్పెట్ పక్కన 80 మీటర్లు జారడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ఆ తర్వాత వెళ్లడానికి వెడల్పైన, పొడవైన, తేలికైన నీలం పిస్ట్ కావాలి. కార్పెట్ తర్వాత నేరుగా సన్నటి నీలమో, ఎరుపో ఉంటే మీరు ఐదో రోజు కూడా చిన్నపిల్లల మధ్యే తిరుగుతుంటారు.

లిఫ్ట్‌లో కిందికి రావొచ్చా? గొండోలాలో ఇబ్బందేమీ ఉండదు. కానీ కొన్ని చెయిర్‌లిఫ్టులు పైకి మాత్రమే ఎక్కించుకుంటాయి. ఊళ్లోకి దిగే చివరి పిస్ట్ చాలాచోట్ల ఎరుపు. సాయంత్రం నాలుగింటికి అందరూ ఒకేసారి అందులో దిగుతారు, అప్పటికి మంచు గుట్టలు గుట్టలుగా లేచి ఉంటుంది. అలసిన కాళ్లతో కొత్తవాళ్లు దెబ్బలు తగిలించుకునేది ఇక్కడే. గొండోలాలో దిగిపోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చివరిది, మీరు నేర్చుకునే చోటు మీదుగా వేగంగా వచ్చేవాళ్ల దారి ఉందా? చుట్టూ వల కట్టి, మలుపు అవతల విడిగా ఉంటే టెన్షన్ ఉండదు. నియమం ప్రకారమైతే ముందు, అంటే కింద వెళ్తున్నవాళ్లకే హక్కు. వెనకనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి. కానీ చెవి పక్కనుంచి ఒకడు దూసుకుపోతే నియమాలు గుర్తుకు రావు, కాళ్లు బిగుసుకుపోతాయి.

5. నేను పంపే చోట్లు, పంపని చోట్లు

చిన్న పిల్లలున్న కుటుంబం అడిగితే నా మొదటి మాట ఆస్ట్రియాలోని జెర్ఫాస్. ఊరు 1,400 మీటర్లకి కాస్త పైన ఉంది. పిల్లల స్కీ స్కూలుకి పేరు. ఊళ్లోకి బయటి కార్లు రానివ్వకుండా, 1985లో ఆ చిన్న పల్లె కింద ఏకంగా భూగర్భ రైలు వేశారు. టికెట్ లేదు. బరువైన బూట్లతో పిల్లల్ని ఈడ్చుకుంటూ అర కిలోమీటరు నడిచినవాళ్లకి తెలుస్తుంది దాని విలువ. చవకైన చోటు మాత్రం కాదు.

పెద్దవాళ్లు తోడున్నారా, స్కీయింగ్ కన్నా అందం ముఖ్యమా, అయితే ఇటలీ డోలొమైట్స్‌లోని ఆల్పె ది సియూసి. జర్మన్‌లో జైజర్ ఆల్మ్ అంటారు. యూరప్‌లో ఎత్తయిన ప్రదేశాల్లో అంత పెద్ద పచ్చిక మైదానం ఇంకెక్కడా లేదు. నిటారు కొండలు చుట్టూ నిలబడి చూస్తుంటాయి, మధ్యలో నేల మెల్లగా అలలు అలలుగా దిగుతుంది. కొత్తవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? నడకదారులున్నాయి, గుర్రపు బళ్లున్నాయి. తిండి సంగతి తర్వాత చెప్తాను, అందులోనూ ఇటలీకే నా ఓటు.

ఫ్రాన్స్‌లో ఆల్ప్ ద్యూయెజ్. 1,860 మీటర్ల మీద ఊరు, ఊరి పక్కనే విశాలమైన ఆకుపచ్చ పిస్టులు. తమాషా ఏమిటంటే 16 కిలోమీటర్ల సారెన్ అనే నల్ల పిస్ట్ కూడా ఇక్కడిదే. అంటే రిసార్ట్‌ని తేలికని, కష్టమని ఒక్క మాటలో తేల్చలేం. గుంపులో బాగా వచ్చినవాడొకడు, కొత్తవాళ్లు నలుగురు ఉంటే ఇలాంటి చోటే కావాలి. అవొరియాజ్ కూడా మంచిదే. కార్లు లేని ఊరు, తలుపు తీయగానే మంచు, సామాను గుర్రపు స్లెడ్జ్ మీద వస్తుంది. 1960ల నాటి ఆ చెక్క అపార్ట్‌మెంట్ల రూపం కొందరికి నచ్చుతుంది, నాకు నచ్చదు.

స్విట్జర్లాండ్‌లో వెంగెన్. లౌటర్‌బ్రునెన్ నుంచి చిన్న రైల్లోనే వెళ్లాలి, నేర్చుకునే వాలు ఊరి నడిబొడ్డునే ఉంటుంది. ఎత్తు 1,274 మీటర్లే కాబట్టి జనవరి చివర్లో చూసుకోండి. బిల్లు చూశాక మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

మ్యూనిక్ చుట్టుపక్కలవాళ్లకి దగ్గర్లో కావాలంటే ఆస్ట్రియాలో స్కీవెల్ట్ అనే స్కీ ప్రాంతంలోని ఎల్మౌ. ఎత్తు తక్కువ, కృత్రిమ మంచు మీద చాలా ఆధారపడుతుంది, అయినా చలి గట్టిగా ఉన్న జనవరిలో తేలికగా వెళ్లి రావొచ్చు.

పంపని చోట్లు కూడా చెప్పాలి. ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటోన్: ఆల్ప్స్‌లో స్కీయింగ్ పాఠాలకి ఒక పద్ధతి తెచ్చిన హానెస్ ష్నైడర్ బడి నడిపింది అక్కడే. అయినా కొత్తవాళ్లు మాత్రం అక్కడ మొదలుపెట్టకూడదు. అక్కడి నీలం పిస్టులు చాలావరకు పక్క ఊళ్లలోని ఎరుపుతో సమానం. ఫ్రాన్స్‌లోని షమొనీ: 1924లో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగిన చోటు, కొండల్ని చూడాలంటే వెళ్లాల్సిందే. కానీ స్కీ ప్రాంతాలు లోయ పొడవునా విడివిడిగా ఉంటాయి. పిల్లలతో, స్కీలతో పొద్దున్నే బస్సు పట్టుకోవడంలోనే సగం ఓపిక అయిపోతుంది.

6. కాగితాలు, దారి

జర్మనీలో ఉండేవాళ్లు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో పెట్టుకోండి. ఆస్ట్రియా నుంచి తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో ఆపుతున్నారు. లండన్ తెలుగువాళ్లు మన పాస్‌పోర్టు మీద ఉంటే షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. ఫ్లైట్ బుక్ చేశాక ఈ సంగతి గుర్తొచ్చినవాళ్లు నాకు తెలుసు.

కారులో అయితే ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ హైవేలకి విన్యెట్, అంటే టోల్ స్టిక్కర్, కొనాలి. చలికాలం టైర్లు లేకుండా కొండెక్కొద్దు. మంచు రోడ్డు మీద నడిపిన అనుభవం లేకపోతే రైలే నయం. ఆస్ట్రియాలోని జెల్ ఆమ్ జేలో స్టేషన్ ఊళ్లోనే ఉంది. ఫ్రాన్స్‌లో బూర్ సాన్ మొరీస్ స్టేషన్ నుంచి ఫ్యూనిక్యులర్ (కొండవాలు మీద తాడుతో లాగే రైలు) ఎక్కితే నేరుగా లెజార్క్ రిసార్ట్‌లో దిగుతారు.

7. క్లాసులు, పాస్, అద్దె సామాను

యూట్యూబ్ చూసి, ఫ్రెండ్ నేర్పిస్తాడులే అని బయల్దేరకండి. స్కీ స్కూల్లో చేరండి. బృందం క్లాసులు ఎక్కువగా ఆదివారమో సోమవారమో మొదలవుతాయి. బుధవారం వెళ్తే కొత్తవాళ్ల బ్యాచ్ దొరకదు. ఇంగ్లిష్‌లో చెప్పే బృందం కావాలని ముందే మెయిల్ రాసి, జవాబు తెప్పించుకోండి. మొదట నేర్పేది స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి, వెనక విడదీసి ఆగడం. జర్మన్ పిల్లలకి దాన్ని ‘పిజ్జా’ అని, సమాంతరంగా పెట్టడాన్ని ‘పొమెస్’, అంటే ఫ్రెంచ్ ఫ్రైస్ అని చెప్తారు. మీ పక్కన నాలుగేళ్ల పిల్ల ‘పిజ్జా, పిజ్జా’ అని అరుచుకుంటూ మిమ్మల్ని దాటిపోతుంది. సిగ్గు పక్కన పెట్టేయండి.

పెద్ద రిసార్టుల్లో రోజు పాస్ 70 యూరోలు దాటిపోయింది. మొదటి రెండు రోజులు అది దండగ. కొత్తవాళ్ల లిఫ్టులకి విడిగా టికెట్ ఉందా, అవి ఉచితమా అని స్కీ స్కూల్లోనే అడగండి. చాలాచోట్ల ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. మూడో రోజు అవసరమైతే పెద్ద పాస్ కొనుక్కోవచ్చు.

స్కీలు, బూట్లు, హెల్మెట్ అద్దెకి తీసుకోండి. బట్టలకి డెకాథ్లాన్ చాలు, చలికాలం మొదట్లో ఆల్డీ, లిడ్ల్ సూపర్‌మార్కెట్లలో కూడా వస్తాయి. జీన్స్ మాత్రం వద్దు, తడిసి బిగుసుకుపోతుంది. బూట్లలో ఒక్క జత సాక్సే వేయండి. చలి కదా అని రెండు జతలు వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందుకి తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, అదీ సరైన సైజు. షాపువాడు బరువు అడిగితే నిజం చెప్పండి. పడినప్పుడు స్కీ ఊడిపోవాలా వద్దా అన్నది ఆ అంకె మీద బిగించే స్ప్రింగే నిర్ణయిస్తుంది. పక్కన ఎవరో ఉన్నారని సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించి చెప్తే, ఊడకూడని చోట ఊడుతుంది.

8. బీమా

షెంగెన్ వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల పాలసీలో స్కీయింగ్ ఉందో లేదో చదవండి. మామూలు ప్రయాణ పాలసీలు చాలావాటిలో అది మినహాయింపుల జాబితాలో ఉంటుంది. జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నా, కొండమీదనుంచి హెలికాప్టర్‌లో దించిన బిల్లు మీ నెత్తిన పడొచ్చు. జర్మన్ లేదా ఆస్ట్రియన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వంలో కొండల్లో రక్షణ ఖర్చుల బీమా కలిసే వస్తుంది, నేను అదే తీసుకున్నాను. ఫ్రాన్స్‌లో పాస్‌తో పాటు రోజువారీ బీమా అమ్ముతారు. ఇటలీలో 2022 జనవరి నుంచి, ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా లేకుండా పిస్ట్ మీదికి వెళ్లకూడదు. హెల్మెట్ ఎక్కడైనా పెట్టుకోవాల్సిందే, అడగనే అక్కర్లేదు.

9. తిండి

ఆస్ట్రియా కొండ హోటళ్లలో శాకాహారులకి కేజ్‌ష్పెట్స్లె ఉంటుంది, చీజ్ కలిపిన గుడ్డు పిండి నూడుల్స్. గుడ్డు తిననివాళ్లకి బంగాళాదుంప వేపుడే గతి. గులాష్ సూప్ అంటే మామూలుగా బీఫ్, చూసుకోండి. ఇటలీలో పాస్తా, పిజ్జా, పొలెంటా (మొక్కజొన్న రవ్వ సంకటి) ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి గొడవ లేదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఆవకాయ, పులిహోర గొజ్జు, కందిపొడితో వారం గడిచిపోతుంది. ఒక్క సంగతి: 2,000 మీటర్లు దాటాక నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. చిన్న కుక్కర్ సామాన్లో పడేయండి, నలుగురి ఆకలి ముందు ఆ బరువొక లెక్క కాదు.

10. డబ్బు కట్టే ముందు

రెండు మూడు పేర్లు మిగిలాక, గత మార్చి వెబ్‌క్యామ్ ఫొటోలు దొరికితే చూడండి, నేర్చుకునే వాలు మీద గడ్డి కనిపిస్తుందేమో. తర్వాత స్కీ స్కూలుకే ఫోన్ చేయండి. హోటల్‌వాళ్లు అంతా బాగుందనే చెప్తారు. మేం పెద్దవాళ్లం, ఎప్పుడూ స్కీలు తొడగలేదు, మొదటి రోజు మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తారు, మూడో రోజు ఎక్కడికి, నేను ఉండే హోటల్ నుంచి అక్కడికి బూట్లతో ఎంత నడవాలి అని అడగండి. గబగబా ఊరి పేర్లతో, పిస్ట్ నంబర్లతో జవాబు చెప్పారంటే బుక్ చేసేయండి. ‘మా దగ్గర మొత్తం ఇన్ని వందల కిలోమీటర్లున్నాయి సార్’ అని మొదలుపెడితే ఫోన్ పెట్టేసి, జాబితాలో రెండో పేరుకి చేయండి.